ముఖం అడగని ఆపా

ఆపా పోయిందని కబురు వచ్చిన పొద్దున మా ఇంట్లో మొదటి మాట మా నాయనది. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉండగా విషయం అర్థమై, పేపరు మడిచి పక్కన పెట్టి, "పోనీలేమ్మా, ఇంకన్నా నీకు ఆ వీడియోల పిచ్చి వదులుతాది" అన్నాడు. ఓదార్చాననే అనుకున్నాడు. మా అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టి, నా కళ్ళు పొడిగా ఉండడం చూసి, "దీనికేం పట్టలేదులే, నేనే ఊరికే భయపడినా" అని మళ్ళీ లోపలికి పోయింది.

నన్ను తప్పుగా చదవడం మా ఇంట్లో కొత్తేం కాదు. ఊరుకుంటే పొగరంటారు, మాట్లాడితే తలపొగరంటారు. మూడేళ్ళుగా మా ఇంట్లో నడుస్తున్న కథ ఒకటుంది. బ్యాంకు పరీక్షలు రాసుకుంటున్న మా పిల్లను నంద్యాలలో ఫోటో స్టూడియో ఆమె ఒకామె చెడగొట్టింది, చేతికి కెమెరా ఇచ్చి ఊళ్ళమ్మటి తిప్పింది అని. మా ఊరు ఆళ్లగడ్డలో చుట్టాలందరికీ చెప్పేది ఇదే. నేను ఎన్నడూ దిద్దలేదు. ఎందుకంటే దిద్దాలంటే కథ మొత్తం తలకిందులు చేయాలి. ఆమె నన్ను చెడగొట్టలేదు. నేనే ఆమెను చెడగొట్టాను. నా వల్ల ఆమెకు చెడ్డపేరు వచ్చింది, ఆ చెడ్డపేరు మోస్తూనే పోయింది.

పోయిన మనిషి మీద స్మృతి రాయడమంటే మంచి మాటలు రాయాలని తెలుసు. ఆపా గురించి మంచి మాటలు ఎన్నైనా ఉన్నాయి, రాస్తాను. ఆమె మీద పడిన మచ్చ ఎవరిదో కూడా రాస్తాను. అందులో సగం నాది. మిగతా సగం గలవాడు నంద్యాలలో హాయిగా తిరుగుతున్నాడు. కోపం లేకుండా రాయమంటే నా వల్ల కాదు.

ఆమెను నంద్యాలలో అందరూ ఆపా అనేవాళ్ళు. ఉర్దూలో అక్క అని. అరవైకి దగ్గరపడిన మనిషిని బడిపిల్లలూ ఆపా అనేవాళ్ళే, ఆమెకన్నా పెద్ద ముసలమ్మలూ ఆపా అనేవాళ్ళే. డిగ్రీ చివరి ఏడాదిలో దరఖాస్తుకు పాస్‌పోర్ట్ ఫోటో కావాలని వాళ్ళ స్టూడియోకు పోయాను. ఇరుకు కొట్టు. నీలం గుడ్డ, ఒక స్టూలు, గోడకు అద్దం. ఆమె చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకొని కళ్ళు మూసుకొని కూర్చుంది. ముందు కంప్యూటర్లో పెళ్ళి వీడియో నడుస్తోంది.

"పెళ్ళి చూస్తాండారా?" అన్నాను.

"చూడ్డంలే. వింటాండా," అంది కళ్ళు తెరవకుండానే. "పెళ్ళికూతురు ఏడుపుకూ నవ్వుకూ మధ్యలో ఒక ఊపిరి తీసుకుంది. ఆడ కొయ్యాల్నా వద్దా అని."

హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. గాజులు. ఎవరో ముసలామె ఎవర్నో తిడుతున్న గొంతు. గిన్నె కిందపడి గుండ్రంగా తిరిగి ఆగిన చప్పుడు. దాని తర్వాత ఆ ఊపిరి. ఆ పిల్ల ముఖం నాకు కనిపించలేదు. అయినా ఆ ఇల్లు వదిలి పోవడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో తెలిసిపోయింది. పాస్‌పోర్ట్ ఫోటో మర్చిపోయి ఇంటికొచ్చాను. మరుసటి రోజు మళ్ళీ పోయాను, ఫోటో కోసం కాదు.

ఆమె పని అర్థమైతే గాని ఆమె విద్య అర్థం కాదు. ముస్లిం పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఉండే వైపుకు మగ ఫోటోగ్రాఫర్‌ను రానివ్వరు. స్టూడియో ఆమె భర్తది. ఆయన మగవాళ్ళ వైపు, ఆమె ఆడవాళ్ళ వైపు. ముఖాలున్న ఫోటోలు ఒక ఆల్బంలో పెట్టి ఆ ఇంటివాళ్ళ చేతికే ఇచ్చేది, తన దగ్గర ఒక్కటి కూడా ఉంచుకునేది కాదు. నలుగురికీ చూపుకోవడానికి ఇంకో ఆల్బం, ఇంకో వీడియో. అందులో ముఖాలుండవు. గోరింటాకు చేతులు, గడప ముందు చెప్పుల కుప్ప, తడి జుట్టు నుంచి వీపు మీద పడిన నీటి మరక, పాటలు, దెప్పిపొడుపులు. ఆ వీడియో చూసిన వాళ్ళకు పెళ్ళిలో ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదో కూడా అర్థమయ్యేది. భర్త పోయాక కొట్టు మొత్తం ఆమె మీద పడింది. ఏళ్ళ తరబడి పత్రికల జిల్లా పేజీలకు ఫోటోలు పంపింది. యాభై దాటాక ఫోన్లో ఎడిటింగ్ తనంతట తానే నేర్చుకుంది.

"ముఖం చూపిస్తే జనం ముఖాన్నే చూస్తారు బేటీ. పక్కన ఏం జరుగుతాందో చూడరు," అనేది.

నాకు వార్తలు రాయాలని ఉండేది. అదీ పేపర్లో వచ్చేలా రాయడం కాదు, ఫోన్లో చూసే మనిషి బొటనవేలు ఆగిపోయేలా చెప్పాలని. ఆపా మొదటి నెల నా చేతికి కెమెరా ఇవ్వలేదు. బస్టాండుకు పంపింది, విని రాసుకురమ్మని. "బస్టాండు సందడిగా ఉంది" అని రాసుకొచ్చాను.

"సందడి అనేది మాట. చప్పుడు కాదు. పో, మళ్ళీ విను."

రెండోసారి పోతే, కండక్టరు బస్సు ఒంటిని అరచేత్తో రెండుసార్లు చరిస్తే ఆగు అనీ, మూడుసార్లు చరిస్తే పోనీ అనీ తెలిసింది. ఆళ్లగడ్డ బస్సు దగ్గర అరిచే గొంతుకూ అహోబిలం బస్సు దగ్గర అరిచే గొంతుకూ తేడా తెలిసింది. రెండోదాంట్లో కొంచెం భక్తి కలిపి అరుస్తారు. ఇది చెబితే ఆపా కడుపు పట్టుకొని నవ్వింది. "ఇప్పుడు నీకు చెవులు వచ్చినాయి" అంది.

ఆమె దగ్గర ఫోటోలు వేసి ఇచ్చే కాగితం కవర్లు మిగిలిపోయినవి బోలెడు ఉండేవి. కథకు బయల్దేరే ముందు నాలుగు కవర్ల మీద కన్ను, చెవి, నోరు, కాగితం అని రాసి బల్ల మీద పరిచేది. తెచ్చిన విషయాలన్నీ చీటీల మీద రాయాలి. చూపితే తెలిసేది కన్ను కవర్లో, వింటే తెలిసేది చెవి కవర్లో, ఆ మనిషే చెప్పాల్సింది నోరు కవర్లో, అంకెలూ పటాలూ కాగితం కవర్లో. ఒక చీటీ ఒక్క కవర్లోనే పడాలి. "ఎండిపోయిన చెరువును చూపిస్తూ, చెరువు ఎండిపోయిందని చెబుతూ, కింద చెరువు ఎండిపోయిందని రాస్తే అది కథ కాదు, ప్రచారం ఆటో," అనేది. గడివేములలో జొన్న ఆరబోసే రైతుల మీద నేను చేసిన మొదటి కథలో ఒకే విషయం రెండు మూడు కవర్లలో పడి పదిహేడు చీటీలయ్యాయి. ఆపా ఒక్కొక్కటీ తీసి కింద పడేస్తూ పోయింది. చివరికి బల్ల మీద ఆరు మిగిలాయి. ఆ ఆరింటితో చేసిందే ఇప్పటికీ నేను సిగ్గుపడకుండా చూసుకోగలిగిన మొదటి పని.

అహోబిలం కథ ఒకటి చేశాను. డప్పులు, గోపురం, కొండ, మబ్బులు, అన్నీ పెట్టాను. ఆపా అన్నీ తీసేసింది. "స్వామిని చూడాలనుకునేటోళ్ళు కొండకే పోతారు. నీ ఫోన్లోకి ఎందుకొస్తారు? ఆ మెట్లు ఎక్కుతాన్న ముసలామె కర్ర చప్పుడు ఉండాది చూడు, అది పెట్టు."

ఆమె హెడ్‌ఫోన్ల స్పాంజి ఊడిపోతే జాకెట్టు గుడ్డ ముక్కలతో తొడుగులు కుట్టింది, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వంకాయ రంగు. బ్యాటరీలు ఊరగాయ జాడీలో పెట్టేది. లెన్సు దుపట్టా అంచుతో తుడవద్దని నాకు చెప్పి, తాను మాత్రం తుడిచి, నేను చూస్తే "నేను పాతదాన్ని, నాకు చెల్లుతాది" అనేది.

ఇక ఆమె పద్ధతి. దీన్ని పత్రికల వాళ్ళు ఎవరూ చేయరు, ఆడవాళ్ళ పెళ్ళిళ్ళలో పనిచేసిన మనిషికే వస్తుంది. మాట్లాడిన మనిషి దగ్గర్నుంచి లేచే ముందు హెడ్‌ఫోన్లు వాళ్ళ చెవులకు పెట్టి వాళ్ళ గొంతు వాళ్ళకు వినిపించేది. ఎందుకు వాడతామో, యాడ వేస్తామో చెప్పేది. "వేసుకోనా?" అని అడిగేది. వద్దన్న ముక్క వాళ్ళ కళ్ళ ముందరే తుడిచేసేది. ముఖం వద్దన్న మనిషి ముఖం పొరపాటున కెమెరా కార్డులో పడితే, పని పూర్తయిన రోజే అదీ తుడిచేయాలి. అదొక్కటి మాత్రం ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. ఆమె ఏదీ రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు ఎన్నో ఉన్నాయి. చెక్కేది మగవాళ్ళు. చెక్కిన రాయిని గరుకు కాగితంతో, నీళ్ళతో నున్నగా రుద్దేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఒక అక్క మాట్లాడతానంది. ఆమె భర్త విగ్రహాలు చెక్కేవాడు, దగ్గి దగ్గి పోయాడు. ఆమె అదే షెడ్డులో రుద్దే పనిలో ఉంది.

"ముఖం మాత్రం వద్దు పాపా," అంది. "మా మామ చూస్తే ఇంట్లోకి రానీడు. షెడ్డాయన చూస్తే పనిలోకి రానీడు. నేను యాడికి పోవాల?"

"ముఖం నాకొద్దు. నీ చేతులు చాలు," అంది ఆపా.

నాలుగు నిమిషాల కథ. నీళ్ళు పోసినప్పుడు రాయి మీద నుంచి జారే తెల్లటి బురద, కాగితం గరగర, ఆమె మాట్లాడుతూ ఉంటే మధ్యలో దగ్గు వచ్చి మాట తెగిపోవడం, మళ్ళీ అందుకోవడం. "కండ్లు ఆఖర్న చెక్కుతారు పాపా. స్వామి కండ్లు తెరిచేలోపల మా కండ్ల నిండా దుమ్మే," అన్న ఒక్క మాట దగ్గర చూపు విగ్రహం మీద ఆగుతుంది. ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాం. కళ్ళు మూసుకొని విని, "నేను ఇంత బాగా మాట్లాడతానా?" అంది.

చిత్రీకరణ మధ్యలో గాలికి ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు జారింది. ఆమె నేరుగా లెన్సులోకి చూసింది. ముఖమంతా తెల్లటి పొడి, కళ్ళు మాత్రం నల్లగా. అంత గొప్ప షాటు నా చేతికి అంతకుముందు రాలేదు. తుడవలేదు. అదే కార్డులో ఇంకొకటి కూడా ఉంది. బట్టలకు పెట్టే చిన్న మైకు అక్క కొంగులో ఇరుక్కుంటే తీస్తూ ఆపా పడీ పడీ నవ్వింది. దొంగతనంగా తీశాను. జీవితమంతా ఫోటో దిగని మనిషి ఆమె. చూసుకొని మురిసిపోయాను, రేపు తుడుద్దాంలే అనుకున్నాను.

నంద్యాలలో ఒక ఛానల్ ఉంది. టీవీలో రాదు, ఫోన్లో వస్తుంది. చాలామంది చూస్తారు. దాని యజమాని పేరు ఇక్కడ రాయను. ఇది ఆపా కోసం రాసిన రాత, ఇందులో ఆయన పేరుకు చోటు లేదు. కథ వేస్తానన్నాడు. పూర్తయిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి రమ్మని ఆపా నన్ను పంపింది. అక్కడ పెన్‌డ్రైవ్ తెరుచుకోలేదు. నా సంచిలోని కెమెరా కార్డులో ఆ ఫైలు ఇంకో కాపీ ఉంది.

"కార్డు ఇచ్చిపో అమ్మా. ఆ ఒక్క ఫైలు తీసుకొని రేపు ఇస్తాం," అన్నాడు.

సాయంత్రానికల్లా నా కథ జనం ఫోన్లలో ఉండాలని నా ఆరాటం. ఆపాకు ఫోన్ చేసి అడగొచ్చు. చేయలేదు. "ఆ ఒక్క ఫైలే తీసుకోండి సార్" అని చెప్పి కార్డు ఆయన చేతిలో పెట్టి బస్సెక్కాను.

మరుసటి పొద్దున అక్క ముఖం ఆళ్లగడ్డ అంతా తిరిగింది. బొమ్మ మీద ఎర్ర గుండ్రం, బాణం గుర్తు, "దేవుడి రాయి మింగిన మొగుడు" అని పసుపు అక్షరాలు. ఆమె గొంతు తీసేసి తన గొంతు పెట్టుకున్నాడు. ఆమె ఎక్కడా ఏడవలేదు. ఏడవని మనిషికి ఏడుపు సంగీతం పెట్టాడు.

షెడ్డాయన పనిలోంచి తీసేశాడు. మామ గడియ పెట్టుకున్నాడు, ఆమె పుట్టింటికి చేరింది. ఆపా ఆ రోజే నన్ను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డ వచ్చింది. అక్క పుట్టింటి ముందు నలుగురు ఆడవాళ్ళు చేరి ఉన్నారు.

"ముఖం వద్దంటి గదమ్మా. ఎవరిచ్చినారు వానికి?" అంది అక్క.

నేను నోరు తెరిచేలోపు ఆపా అంది: "కార్డు నేనిచ్చినా."

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

తిరుగు బస్సులో ఎందుకట్లా చెప్పావని అడిగాను. కిటికీ బయటికి చూస్తూ, "నువ్వు ఈ ఊర్లో బతకాల. నేను నంద్యాల పోతా," అంది. బస్సు ఊరు దాటాక, "చెప్పాలనిపించిన రోజు నువ్వే చెప్తావ్. నేను అడగను," అంది. అడగలేదు. నేనూ చెప్పలేదు.

వీడియో తీయమని ఆపా ఆ ఛానల్ ఆఫీసుకు నాలుగుసార్లు పోయింది. "ఆపా, ఎంతమంది చూసినారో చూడు ముందు" అని ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టేవాడట. నెలలోపే పెళ్ళిళ్ళ పిలుపులు తగ్గాయి. ఆ మనిషి ఆడోళ్ళ ముఖాలు అమ్ముకుంటాదంట అని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయింది మాట. ఆ కొట్టు నిలబడిందే ఆ నమ్మకం మీద. చివరి నాలుగు నెలలు ఆమె పాస్‌పోర్ట్ ఫోటోలు తీసింది, జిరాక్సులు తీసింది. ఊరగాయ జాడీ ఖాళీ అయిపోయింది. నేను పోతే మాత్రం ఎప్పటిలాగే, "ఏం విన్నావ్ ఈ వారం?" అని అడిగేది. గుండెపోటుతో ఒక మధ్యాహ్నం అలాగే స్టూలు మీద కూర్చొని పోయింది. నాకు మర్నాటి పొద్దున తెలిసింది.

ఆ పొద్దున నేను పోయేసరికి జనాజా, ఆపా ఆఖరి ప్రయాణం, కదలడానికి ఇంకా వేళ ఉంది. ఆడవాళ్ళ గదిలో గోడకు ఆనుకొని కూర్చున్నాను. మట్టి ఇచ్చి మగవాళ్ళు తిరిగి వచ్చాక, మధ్యాహ్నం, ఆపా కూతురు చేతిలో ఫోన్ మోగింది. ఎవరో వీడియో పంపారు. ఆ ఛానల్ నివాళి. మధ్యలో ఆపా ముఖం. పడీ పడీ నవ్వుతున్న ముఖం, చుట్టూ రంగురంగుల పూలు, కింద "మా ఛానల్ కుటుంబ సభ్యురాలు" అని.

కూతురు ఫోన్ బోర్లా పెట్టింది. "మా ఇంట్లోనే అమ్మీ ఫోటో ఒక్కటి లేదు. ఇది వానికి యాడ దొరికింది?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

చెప్పాను. అక్కడే, ఆ గదిలో, అందరి ముందర. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకామె పక్కకు జరిగి కూర్చుంది, అంతే. కూతురు అంది: "నాకు చెప్పినావ్ సరే. చెప్పాల్సిన వాళ్ళకు చెప్పినావా?"

ముందు ఆయన దగ్గరికి పోయాను. ఆఫీసులో కొత్త సోఫా, కొత్త లైట్లు.

"నివాళి పెట్టినా తప్పేనా అమ్మా? మంచికి రోజులు లేవు," అన్నాడు.

"తీసేయండి సార్."

"తీస్తాలే, తొందరేముంది. అది సరే, మా దగ్గర చేరరాదా? నీ గొంతు బాగుంటాది. మన యాస ఇప్పుడు బాగా పోతాంది."

"చూద్దాం సార్. ఆపా మీద ఒక కథ చేస్తున్నాను. మీరు మాట్లాడతారా? మీ పేరుతోనే వేస్తాను."

వెంటనే కాలరు సర్దుకున్నాడు. లైటు తనే వేయించుకున్నాడు. నేను కార్డు కొత్తది పెట్టాను. రాళ్ళ అక్క వీడియో మీకెలా వచ్చిందని అడిగాను.

"ఆపానే ఇచ్చింది మాకు," అన్నాడు.

జవాబు అయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయొద్దని, లోపల మూడు అంకెలు లెక్కపెట్టమని ఆపా నేర్పింది. అబద్ధం చెప్పిన మనిషికి ఆ ఖాళీ భరించడం కష్టమట. లెక్కపెట్టాను. ఒకటి. రెండు. ఆయన కుర్చీలో కదిలాడు.

"అంటే ఆపా అంటే... చేతికిచ్చింది నువ్వే అనుకో. నువ్వు ఒక్క ఫైలే అన్నావ్. మేం ఎవరి కార్డు వచ్చినా మొత్తం కాపీ కొట్టుకుంటాం అమ్మా, అది మా పద్ధతి. ఎప్పుడో పనికొస్తాది. ఇప్పుడు చూడు, నివాళికి పనికిరాలేదా? ముఖం లేకపోతే ఎవడు చూస్తాడు?"

ఇంకో మూడు లెక్కపెట్టాను.

"ఆపా పాపం తీసేయమని చానాసార్లు వచ్చింది. ఆమెకు వ్యాపారం తెలీదు."

లేచే ముందు, ఆపా కూతుర్ని అడిగి తెచ్చుకున్న ఆకుపచ్చ, వంకాయ రంగు తొడుగుల హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి మొత్తం వినిపించాను. యాడ వేస్తానో చెప్పాను. "ఒక్క ముక్క కూడా కోయకుండా వేస్తాను సార్. వేసుకోనా?" అన్నాను. ఆయన తన గొంతు తాను వింటూ తల ఊపుతున్నాడు. "బాగుండాది. వేసుకో. పేరు పెద్దక్షరాలతో వెయ్," అన్నాడు. అది కూడా రికార్డు అయింది.

అక్కణ్ణుంచి బస్సులో ఆళ్లగడ్డ వచ్చేంతవరకూ నా ఒళ్ళంతా వెచ్చగా ఉంది. అది సంతోషమే. దాన్ని ఇంకో పేరుతో పిలవను.

రాళ్ళ అక్క ఇప్పుడు పుట్టింట్లో ఉంటూ కూలికి పోతోంది. నేను పోయేసరికి అరుగు మీద కూర్చొని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకు దగ్గుతోంది.

"ఆ కార్డు ఇచ్చింది ఆపా కాదక్కా. నేను," అన్నాను నిలబడే.

ఆమె చేతులు ఆగలేదు. "ఎన్ని నెలలాయ?"

"ఎనిమిది."

"ఆయమ్మ నా కాడికి మూడుసార్లు వచ్చింది. తెలుసునా?"

"నాతో వచ్చిందొక్కటే తెలుసు."

"మూడుసార్లు. ఆఖరిసారి మిట్టమధ్యాహ్నం వచ్చింది. నీళ్ళడిగింది. లేవు పో అన్నా. కుండ నిండా ఉండాయి." ఒక కాయ తొడిమ తుంచి చాటలో పడేసింది. "నువ్వు నోరు తెరిచింటే ఇచ్చేదాన్ని గదమ్మే. ఎండలో వచ్చిన మనిషిని నా చేత ఎందుకు పంపించేసినావ్ అట్లా?"

చాట బయట పడిన కాయ ఒకటి తీసి చాటలో వేశాను.

"ఏమీ అనదులే ఈమె, మంచిది, అనుకుంటాండావా? అంటా. నా ఒంట్లో ఊపిరి ఉండేదాంక అంటా." దగ్గు తెర వచ్చింది. తగ్గాక, "వాడెట్లుండాడు?" అంది.

"బాగున్నాడు. సోఫా కొన్నాడు."

"ఏం చేస్తావ్ వాన్ని?"

హెడ్‌ఫోన్లు ఆమెకు పెట్టాను. చేతులు మిరపకాయల మీద ఆగాయి. ముఖం లేకపోతే ఎవడు చూస్తాడు అన్న చోట వేలు పైకెత్తి, మళ్ళీ పెట్టమని సైగ చేసింది. రెండోసారి వింది. తీసి నా ఒళ్ళో పడేసింది.

"నా గొంతు పెట్టు. ముఖం వద్దు. వాని ముఖం పెట్టు," అంది. "నువ్వు చేసింది నీ నోటితోనే చెప్పు. ఆయమ్మ మీద ఇంకొక్క మాట పడిందంటే మీ ఇంటికొచ్చి నడింట్లో కూర్చుంటా."

ఆమె అరుగు మీదే ఆమె గొంతు రికార్డు చేశాను. పూర్తయ్యాక వినిపించాను. వేసుకోమంది. నంద్యాలలో తలుపు తలుపుకూ పోయి, ఆపా పెళ్ళి తీసిన ఆడవాళ్ళతో మాట్లాడాను. మొదట ముగ్గురు తలుపు వేశారు. ఆయన మాటలు తలుపు సందులోంచే వినిపించాను. నాలుగో ఇంట్లో కూర్చోమన్నారు. ఆ తర్వాత అందరూ మాట్లాడారు. ఒకామె తన పెళ్ళి వీడియోలోని ఆ ఊపిరిని ఇచ్చింది. ఆరు నిమిషాల కథ వచ్చింది. చీటీలన్నీ ఒక్కొక్క కవర్లోనే పడ్డాయి. కార్డు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో నా గొంతుతో నేనే చెప్పాను. అందులో ఆపా ముఖం లేదు, అక్క ముఖం లేదు, పెళ్ళికూతుళ్ళ ముఖాలు లేవు. మొత్తం కథలో ఒకే ఒక్క ముఖం ఉంది. లైటు బాగా పడింది దాని మీద.

ఆ ఆడవాళ్ళ నోటి నుంచి మాట బయటికి పోయినట్టుంది. నిన్న ఆయన మా నాయనకు ఫోన్ చేశాడు. ఇద్దరికీ ఎప్పట్నుంచో పరిచయం. నాయన చాలాసేపు "అట్నే అన్నా, అట్నేలే" అని విని, ఫోన్ పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"ఏమ్మే, ఆయన మనకు కావాల్సినోడు. ముఖం మసక చెయ్, పేరు తీసెయ్. నీ పేరు కూడా తీసెయ్. ఎందుకు బజార్న వేసుకుంటావ్? ఆమె ఎట్లాగూ పోయింది గదా. ఆ మాట ఆమె మీదనే ఉండనీ."

అమ్మ తలుపు దగ్గర నిలబడి, "చిన్నపిల్ల, కోపంలో ఉండాది, రెండు రోజులు పోతే అదే దిగుతాది" అంది.

వీడియో శుక్రవారం పొద్దున పది గంటలకు వేస్తాను. ఆయన ముఖం మసక చేయను. ఇద్దరి పేర్లూ ఉంటాయి.